విశాఖలో జోయీ పామ్: కదలని మొవ్వు, మాడుతున్న కొసలు

గొడుగాకు (ఎంవీపీ కాలనీ)

అందరికీ నమస్కారం. మొక్క జొహానెస్‌టైస్మానియా ఆల్టిఫ్రాన్స్ (జోయీ పామ్ అనే తాటి జాతి మొక్క), నారు దశ. మూడు ఆకులున్నాయి, పెద్దది 28 సెం.మీ. 6 అంగుళాల మట్టి కుండీ. ఎర్రమట్టి, పశువుల ఎరువు, ఇసుక సమపాళ్ళలో కలిపి వేసింది. రెండో అంతస్తు తూర్పు బాల్కనీ, సముద్రం కిలోమీటరు లోపే. ఉదయం 9 దాకా ఎండ నేరుగా పడుతుంది. రోజూ బోరు నీళ్ళే.

సమస్య: పాత ఆకుల కొసలు గోధుమ రంగులోకి మాడి, అంచు వెంట కిందికి దిగుతోంది. మొవ్వాకు (నడుమ ఇంకా విచ్చని కొత్త ఆకు) రెండు నెలలుగా అలాగే ఉంది. ఏ ఎరువు వెయ్యాలి?

టీడీఎస్ మీటరు (గాజువాక)

ఏ ఎరువూ వెయ్యకండి. ముందు రెండు కొలతలు కావాలి.

ఒకటి, బోరు నీటి టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న ఉప్పుల లెక్క (పీపీఎంలో). రెండు, కుండీలోంచి కారే నీటి టీడీఎస్. రెండోదాన్ని ఇలా తియ్యండి: మామూలుగా నీళ్ళు పోసి గంట ఆగండి. కుండీ కింద శుభ్రమైన పళ్ళెం పెట్టి, పైనుంచి ఆర్వో నీళ్ళు 100 మి.లీ. నెమ్మదిగా పొయ్యండి. ముందుగా కారిన 50 మి.లీ. పట్టి అందులో మీటరు ముంచండి. పోసిన నీరు వేళ్ళ మధ్య ఉన్న పాత నీటిని కిందికి నెడుతుంది కాబట్టి, వేళ్ళు నిజంగా తాగుతున్నదేమిటో తెలిసేది ఈ అంకెతోనే.

మట్టి కుండీ బయటి గోడ మీద తెల్లటి పొడి కనిపిస్తోందా?

సింహాచలం నీడ

ఫొటో లేకుండానే ఊహించొచ్చు, కనిపిస్తుంది. మట్టి కుండీ గోడలోంచి నీరు ఆవిరైపోతుంది, ఉప్పు గోడలోనూ మట్టిలోనూ మిగిలిపోతుంది. కాక్టస్‌కి మట్టి కుండీ మంచిదే. ఉప్పు నీళ్ళున్న ఊళ్ళో జోయీకి మాత్రం ప్లాస్టిక్కే మేలు.

ఇంకో మాట. 28 సెం.మీ. ఆకున్న మొక్కకి 6 అంగుళాల కుండీలో లోతు చాలదు. దీని నిజమైన కాండం భూమిలోపలే ఉంటుంది, ఆకులు నేలలోంచి లేచినట్టు కనిపిస్తాయి. ఈ ప్రజాతిలో ఉన్నవి నాలుగే జాతులు: ఆల్టిఫ్రాన్స్, మాగ్నిఫికా, లాన్సియోలాటా, పెరాకెన్సిస్. వీటిలో నేలపైకి కాండం పెంచేది పెరాకెన్సిస్ ఒక్కటే. మిగతా మూడింటికీ వెడల్పు కన్నా లోతు ముఖ్యం.

కడియం దారి (అనకాపల్లి)

అసలు అది జోయీయేనా అని ముందు తేల్చుకోండి. ఈ పేరు చెప్పి వేరే మొక్కల నారు కూడా అమ్ముతారు.

లికువాలా గ్రాండిస్ అయితే ఆకు గుండ్రంగా విసనకర్రలా ఉంటుంది, మడతలన్నీ కాడ చివర ఒక్క బిందువు నుంచి విరుస్తాయి. జోయీలో కాడ అక్కడ ఆగదు. నడిమి ఈనెగా ఆకులోకి చాలా దూరం సాగుతుంది, మడతలు దానికి రెండు పక్కలా ఏటవాలుగా వస్తాయి. అందుకే ఆకు గాలిపటంలా నాలుగు మూలలుగా తయారవుతుంది. కాడ అంచున సన్నని రంపపు పళ్ళుంటాయి, వేలితో కింది నుంచి పైకి రాస్తే గీసుకుంటుంది.

చిన్న నారులో అసలు మోసం పామ్ గ్రాస్‌తో. అది కర్క్యులిగో, తాటి కుటుంబమే కాదు. దాని ఆకూ మడతలు మడతలుగానే ఉంటుంది కానీ పట్టుకుంటే మెత్తగా, గడ్డిలా ఉంటుంది. కాడకి పళ్ళుండవు. ఏడాదిలో పక్కన పిలకలు పెట్టేస్తుంది. జోయీ పిలకలు పెట్టదు.

ఆకు అడుగు వెండిలా తెల్లగా ఉంటే అది మాగ్నిఫికా. రెండు పక్కలా ఆకుపచ్చే అయితే ఆల్టిఫ్రాన్స్ అనుకోవచ్చు. లాన్సియోలాటా ఆకు బాగా సన్నం.

గొడుగాకు

కాడకి పళ్ళున్నాయి, నడిమి ఈనె ఉంది, అడుగు పచ్చగానే ఉంది. కుండీ గోడ మీద తెల్లటి పొడీ ఉంది.

బోరు నీరు 1150. కుండీలోంచి కారింది 2400.

టీడీఎస్ మీటరు

జబ్బు దొరికింది. 2400 దగ్గర వేరు నీరు పీల్చడానికే అవస్థ పడుతుంది. మట్టి తడిగా ఉన్నా మొక్క దాహంతోనే ఉంటుంది. ఆ ఉప్పులో సోడియం, క్లోరైడ్ ఎక్కువైతే అవి నీటితో పాటు ఆకు కొసకి చేరి అక్కడే పేరుకుంటాయి. మాడటం కొస నుంచి మొదలై అంచు వెంట దిగడానికి కారణం అదే.

జోయీకి పోసే నీరు 150 లోపు ఉంటే మంచిది, 250 మాత్రం దాటకూడదు. కుండీలోంచి కారేది 600 లోపు ఉంటే నిశ్చింత. 1000 దాటిందంటే కడగాల్సిందే.

ఆర్వో నీటిలో బోరు కలిపితే సరిపోతుంది కదా అంటారు. లెక్క చూడండి: 40 ఉన్న ఆర్వో నీరు 4 పాళ్ళు, మీ బోరు 1 పాలు కలిపితే 260 దాకా వస్తుంది. అంకె పరవాలేదనిపించినా అందులో ఎక్కువ భాగం బోరు ఉప్పే. కాల్షియం కోసం బోరు కలపడం కన్నా ఒట్టి ఆర్వో నీటికి కాల్షియం నైట్రేట్ చిటికెడు కలపడమే నయం. కుళాయి నీళ్ళొస్తే వాటినీ ఒకసారి కొలవండి, తక్కువుంటే అవే కలుపుకోవచ్చు. ఆర్వో మిషను వదిలేసే వృథా నీరు మాత్రం ఈ మొక్క దరిదాపుల్లోకి రాకూడదు, అందులో ఉప్పు బోరు కన్నా ఎక్కువ.

ఉప్పుగాలి (లాసన్స్ బే)

కొసలు మాడితే పొటాషియం లోపం అనుకోవచ్చు కదా? తాటి జాతుల్లో అదే ఎక్కువ కనిపిస్తుందని చదివాం.

టీడీఎస్ మీటరు

మంచి ప్రశ్న. రెండూ పాత ఆకులోనే మొదలవుతాయి, అందుకే పొరబడతారు. ఆకుని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. పొటాషియం లోపమైతే ఆకు మధ్యలో కూడా పసుపు, నారింజ చుక్కలు నూనె మరకల్లా పారదర్శకంగా కనిపిస్తాయి. ఉప్పు దెబ్బ అయితే చుక్కలుండవు, మాడిన చోటుకీ పచ్చ చోటుకీ మధ్య గీత గీసినట్టుంటుంది. అంచు వెడల్పుగా పసుపెక్కి మధ్య పచ్చగా నిలిస్తే మెగ్నీషియం. కొత్త ఆకు మొత్తం పాలిపోయి వస్తే ఇనుము. కొత్త ఆకు ముడుచుకుని, ఎండి, చిరిగినట్టు వస్తే మాంగనీసు.

బోరు నీటిలో క్షారం వల్ల పీహెచ్ 7.5 దాటితే, మట్టిలో ఇనుమూ మాంగనీసూ ఉన్నా వేరుకి అందవు. కాబట్టి నీరు మార్చకుండా సూక్ష్మపోషకాలు గుమ్మరిస్తే డబ్బు దండగ.

సింహాచలం నీడ

ఇక కుండీ సంగతి. ఎర్రమట్టి మిశ్రమాన్ని ఎంత కడిగినా లాభం లేదు. విశాఖ కొండల రాయి ఖొండలైట్, అది చివికి వచ్చిన మట్టిలో బంక పాలు ఎక్కువ. కుండీలో ఆర్నెల్లకి ఇటుకలా బిగుసుకుంటుంది. నీరు పక్కల నుంచి జారిపోతుంది, నడుమ ఉప్పు అలాగే ఉండిపోతుంది.

కొత్త మిశ్రమం, పరిమాణంలో:

కొబ్బరి పీచు ముక్కలు, అర అంగుళానివి: 4 పాళ్ళు
కొబ్బరి పొట్టు: 2 పాళ్ళు
పెర్లైట్ లేదా ప్యూమిస్: 2 పాళ్ళు
కాల్చిన ఊక: 1 పాలు
బాగా చివికిన ఆకు ఎరువు: 1 పాలు

పశువుల ఎరువు వద్దు, అందులోనూ ఉప్పుంటుంది. బీచ్ ఇసుక ఎంత కడిగినా వద్దు, గవ్వల పొడి అందులోనే ఉంటుంది. మన ఊళ్ళో సులువుగా దొరికే స్టీలు స్లాగ్ (ఉక్కు తయారీలో మిగిలే చిట్టెం) గులకలూ అంతే. చూడ్డానికి లావా రాయిలా ఉంటాయి కానీ క్షార గుణం. కుండీ అడుగున పరిస్తే పీహెచ్ ఎక్కి కూర్చుంటుంది.

కొత్త చిగురు (మధురవాడ)

కొబ్బరి పొట్టు ఇటుకని నానబెట్టి నేరుగా వాడేయొచ్చాండి?

సింహాచలం నీడ

కూడదు. చాలామంది ఓడిపోయేది అక్కడే. తీరప్రాంతపు కొబ్బరి పొట్టులో సోడియం, పొటాషియం ముందే పట్టి ఉంటాయి. మంచి నీళ్ళతో ఒకసారి కడిగితే వదులుగా ఉన్న ఉప్పు పోతుంది కానీ పీచుకి అంటుకున్నది పోదు. దాన్ని విడిపించాలంటే కాల్షియం కావాలి.

5 కిలోల ఇటుకని పెద్ద డ్రమ్ములో నానబెట్టి విప్పండి, పిండండి. రెండుసార్లు కడిగాక, లీటరుకి 3 నుంచి 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో 24 గంటలు మునిగేలా ఉంచండి. ఆ నీరు పారబోసి మళ్ళీ రెండు కడుగులు. చివరి కడుగు నీటి టీడీఎస్, మీరు పోసిన నీటి కన్నా 200 లోపు తేడాతో ఉంటే వాడుకోవచ్చు. పీచు ముక్కలకీ ఇదే పద్ధతి, కాకపోతే అవి 48 గంటలు నానాలి.

మొవ్వు చూడు (పెందుర్తి)

అంతా బాగుంది కానీ వేళ్ళు కదిపితే జోయీ చస్తుంది. ఈ దశలో మట్టి మార్చడం సాహసం. నీరు మార్చి, మూడు నెలలు ఆగి చూడటమే సరైన దారి.

సింహాచలం నీడ

వేళ్ళు కదపకూడదన్నది నిజమే. కానీ 2400 ఉప్పులో మూడు నెలలు ఆగితే కదపడానికి వేళ్ళే మిగలవు.

మధ్యే మార్గం ఉంది. కుండీ పక్కన తట్టి, మొక్కని వేళ్ళ చుట్టూ ఉన్న మట్టి ముద్దతో సహా బయటికి జార్చి వేళ్ళ కొసలు చూడండి. తెల్లగా లావుగా కొసలు కనిపిస్తే మొవ్వు చూడు గారన్నట్టే చెయ్యండి. గోధుమ రంగులో, నొక్కితే పై తొక్క ఊడి లోపల దారం మిగులుతుంటే మార్చక తప్పదు.

మార్చేటప్పుడు చేత్తో మట్టి విదల్చొద్దు. బకెట్లో ఆర్వో నీళ్ళు నింపి ముద్దని గంటసేపు ముంచి ఉంచండి. బంకమట్టి దానంతటదే కరిగి జారుతుంది. జారినంత జారనిచ్చి, నడి ముద్ద అరచేతిలో పట్టేంత మిగిలితే దాన్ని అలాగే వదిలేయండి. 8 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతు ప్లాస్టిక్ కుండీ. మొక్క మెడ (వేళ్ళూ ఆకులూ కలిసే చోటు) ఇంతకు ముందు ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో, వేలెడు కూడా లోతు పెరగకుండా నాటాలి. లోతుగా నాటితే మెడ కుళ్ళడమే కాదు, గాలందక ఇనుము లోపం కూడా కనిపిస్తుంది.

తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు మొక్క మొత్తం పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో ఉండాలి. లోపల తేమ 85 శాతం పైన. నీడలోనే సుమా, ఎండ తగిలితే డబ్బా ఉడకబెట్టేస్తుంది. నాలుగో వారం నుంచి మూత రోజుకి గంట చొప్పున తెరుస్తూ అలవాటు చెయ్యాలి.

మొవ్వు చూడు

నడి ముద్ద కదపకుండా అయితే ఒప్పుకుంటాను. ఇంకో షరతు, ఈ పని జూన్ చివర, జూలైల్లో చెయ్యండి. డిసెంబరు, జనవరిలో చేస్తే తెగిన వేరు చోట కొత్తది పుట్టడానికి రెట్టింపు కాలం పడుతుంది. విశాఖలో రాత్రి 17, 18 డిగ్రీలు మనకి హాయి, ఈ మొక్కకి నిద్ర.

మొవ్వు కదులుతోందో లేదో తెలియాలంటే రోజూ లాగి చూడకండి. మార్కర్‌తో మొవ్వాకు మీద, పక్క ఆకు కాడ మీద ఒకే ఎత్తులో అడ్డంగా గీత పెట్టండి. రెండు గీతలూ విడిపోతే మొవ్వు కదిలినట్టు. వారానికి 1 మి.మీ. అయినా అది బతికున్న మొక్కే. నారు దశలో ఏడాదికి రెండు మూడు ఆకులకి మించి ఆశించొద్దు.

మొవ్వు మెత్తబడి, తేలిగ్గా లాగితే చేతికొచ్చి, దాని మొదలు దగ్గర దుర్వాసన వస్తే అది మొవ్వు కుళ్ళు. కొబ్బరి రైతులకి తెలిసిన తెగులే. కుళ్ళిన భాగం తీసేసి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ గుంటలో పోస్తే నురగ వస్తుంది. నురగ ఆగేదాకా రోజు విడిచి రోజు పొయ్యండి. తర్వాత కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు, ఒక్కసారి. రాగి మందు మళ్ళీ మళ్ళీ పోస్తే మొవ్వులో పేరుకుని కొత్త ఆకునే కాలుస్తుంది.

ఉప్పుగాలి

అడవిలో దీని మొదలు దగ్గర రాలిన ఆకులు గరాటులో పడ్డట్టు పోగవుతాయట కదా, అవే కుళ్ళి ఎరువవుతాయని. మనమూ మొదలు దగ్గర ఆకు చెత్త వెయ్యాలా?

మొవ్వు చూడు

పెద్ద మొక్క విషయంలో నిజమే, చెత్తని పట్టి దాచుకునే తాటి ఇది. కానీ అక్కడ వాన నీరు రోజూ ఆ గరాటుని కడుగుతుంది. ఇక్కడ ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ కడుగుడు ఉండదు. బోరు నీళ్ళు పైనుంచి చల్లితే చెత్తలో ఉప్పు, దుమ్ము, చీమలు, వాటి వెంట పిండి నల్లి. అడుగున్నర ఆకు దాటేవరకు గరాటు శుభ్రంగా ఉంచండి. ఆకు ఎరువు కావాలంటే కుండీ పైన అంగుళం మందాన పరచండి, మెడకి రెండంగుళాల దూరంలో.

టీడీఎస్ మీటరు

వాన నీటి మాట వచ్చింది కాబట్టి లెక్క కూడా చూసుకోండి. 100 చదరపు అడుగుల డాబా మీద 1 సెం.మీ. వాన పడితే 93 లీటర్లు. మొదటి పది నిమిషాల నీరు దుమ్మూ ఉప్పూ తెస్తుంది, వదిలేయాలి. మిగిలేది 70 అనుకున్నా మూడు మంచి వానలకి 200 లీటర్ల నీలం డ్రమ్ము నిండుతుంది. 10 అంగుళాల కుండీకి రోజు విడిచి రోజు లీటరు చొప్పున, ఎండాకాలం 120 రోజులకి 60 లీటర్లు. అంటే అక్టోబరు, నవంబరు వానల్లో ఒక డ్రమ్ము పట్టి దాచుకుంటే మూడు మొక్కలకి వేసవి గడిచిపోతుంది. మూత బిగించి, పైన దోమతెర కట్టండి. పారదర్శక డ్రమ్ము వద్దు, పాచి పడుతుంది.

కొత్త చిగురు

నాకు ఎర్రకాడల పామ్ ఉంది, సిర్టోస్టాకిస్ రెండా. దాన్ని నీళ్ళ ట్రేలో పెట్టమంటారు. జోయీని కూడా పక్కనే అలా పెట్టేయొచ్చా?

కడియం దారి

వద్దు. ఎర్రకాడలది చిత్తడి అడవి. మూడు నాలుగు సెం.మీ. నీటిలో అడుగు మునిగి ఉన్నా హాయిగా ఉంటుంది, రెండు మూడు రోజులకోసారి నీరు మారిస్తే చాలు. జోయీ పుట్టింది వాలు నేలల్లో, గట్ల మీద. రోజూ వాన పడుతుంది, పడ్డ నీరు నిలవదు. తడి కావాలి, మడుగు కాదు.

రెండూ వానఅడవి తాటి జాతులే, రెండూ మలేషియావే. అయినా ఒకటి వరి చేను, ఒకటి మెట్ట చేను అనుకోండి.

అన్నట్టు మలయ్‌లో జోయీ ఆకుని దౌన్ పాయుంగ్ అంటారు, గొడుగు ఆకు అని. ఆకులతో ఇళ్ళకి కప్పు కూడా వేస్తారు. మన పక్క వానలో పొలం పనికి వెళ్ళేవాళ్ళు నెత్తిన పెట్టుకునే గిడుగు గుర్తొస్తుంది.

ఉప్పుగాలి

గాలి గురించి ఎవరూ చెప్పలేదు, అది నా వంతు. ఎంవీపీ రెండో అంతస్తు తూర్పు బాల్కనీ అంటే మొక్క పెట్టకూడని చోటే. చీలికలు లేని ఒంటి ఆకు తెరచాపలా గాలిని పడుతుంది. మడతల వెంట చిరిగిన చోట ఇక అతకదు. తూర్పున మూడు అడుగుల దూరంలో 75 శాతం షేడ్ నెట్ నిలువుగా కట్టండి. గోడ వద్దు, గోడ దాటిన గాలి సుళ్ళు తిరుగుతుంది. నెట్ అయితే గాలిని వడకడుతుంది, ఉప్పు తుంపరని కూడా కొంత ఆపుతుంది. పైన కూడా అదే 75 శాతం. ఉదయపు ఎండ ఈ వయసుకి 8 దాటకూడదు.

వేసవిలో అసలు శత్రువు సముద్రపు గాలి కాదు, అది రాని రోజు. పడమటి గాలి గెలిచిన మధ్యాహ్నం పాదరసం 40 దాటుతుంది, గాలిలో తేమ పడిపోతుంది. ఆ రోజుల్లో నెట్‌కి లోపలి వైపు గోనెపట్టా వేలాడదీసి తడపండి, కుండీల కింద గులకరాళ్ళ ట్రేలో నీళ్ళు పొయ్యండి, కుండీ మాత్రం రాళ్ళ పైనే ఉండాలి. ఆకు మీద బోరు నీళ్ళు పిచికారీ చెయ్యకండి. ఆరిన ప్రతి చుక్కా తెల్లటి మచ్చ.

తుపాను హెచ్చరిక వస్తే కుండీని ఇంట్లోకి తెచ్చెయ్యండి. తేలేనంత పెద్దదైతే ఆకులన్నీ పైకి దగ్గరగా పట్టి పాత చీరతో వదులుగా చుట్టి, కుండీని గోడ మూలలో పడుకోబెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూపించింది, నిలబెట్టిన కుండీ ఏదీ నిలవదని. గాలి తగ్గిన వెంటనే, ఎండ రాకముందే, ఆకుల రెండు పక్కలా మంచి నీటితో కడగాలి. ఉప్పు ఆరితే అదే ఎక్కువ కాలుస్తుంది.

గాలిపటం (ఎండాడ)

అరకులో మా బంధువుల తోట ఉంది, నీడా తేమా బాగుంటాయి. అక్కడ నేలలో నాటితే?

సింహాచలం నీడ

కాఫీకి బాగుంటుంది, జోయీకి కాదు. శీతాకాలపు రాత్రులు అక్కడ పది డిగ్రీల లోపుకి దిగుతాయి. లంబసింగి అయితే చెప్పనే అక్కర్లేదు. నేలలో నాటాలంటే సింహాచలం కొండవాలు, పెందుర్తి వైపు పనస, మామిడి నీడ వెతకండి. కొబ్బరి కింద మాత్రం వద్దు. మట్టలు పడతాయి, పైనుంచి తెల్లదోమ దిగుతుంది.

కొత్త చిగురు

తెల్లదోమ జోయీకి కూడా వస్తుందా?

మొవ్వు చూడు

కొబ్బరి మీది రూగోస్ తెల్లదోమ ఆకు అడుగున తెల్లటి వలయాలు పెడుతుంది. దాని తేనె కింది ఆకుల మీద కారి నల్లటి మసి పడుతుంది. తడి గుడ్డతో తుడిచెయ్యండి. ఉధృతి ఉంటే వేపనూనె లీటరుకి 5 మి.లీ., కొంచెం సబ్బు ద్రావణంతో, సాయంత్రం పూట మాత్రమే. మార్చి నుంచి ఎర్ర నల్లి కోసం ఆకు అడుగు చూస్తుండండి.

ఒక మినహాయింపు: మాగ్నిఫికా ఆకు అడుగు తుడవకూడదు, నూనె కొట్టకూడదు. ఆ వెండి పూత చేతికే రాలిపోతుంది, మళ్ళీ రాదు. దానికి వట్టి నీటి ధార చాలు.

గాలిపటం

గింజ నుంచి పెంచడం తేలికా? విదేశం నుంచి మొక్క తెప్పించడం తేలికా?

కడియం దారి

ఏది తెప్పించినా దిగుమతి అనుమతి, పంపే దేశపు ఫైటోశానిటరీ (తెగుళ్ళు లేవనే) సర్టిఫికెట్ రెండూ కావాలి. మొక్కలు మట్టి లేకుండా రావాలి, అంటే వట్టి వేళ్ళతో. వేళ్ళు కదిపితేనే అలిగే మొక్క వట్టి వేళ్ళతో వారం ప్రయాణం చేస్తే ఏమవుతుందో పైన చదివారుగా. పెద్ద మొక్క చవగ్గా వస్తోందంటే అడవిలోంచి పీకినదేమో అని అనుమానించండి. అలాంటివి కొనకండి. వేరు సగం అక్కడే తెగి ఉంటుంది, అడవికీ నష్టమే.

గింజలే మేలు, తాజావి అయితేనే. ఇవి ఎండబెట్టి దాచే రకం కాదు, ఎండితే చచ్చిపోతాయి. తడి కొబ్బరి పొట్టులో చుట్టి వచ్చినవే తీసుకోండి. కాయ పైన బెండులాంటి బుడిపెల తొక్క ఉంటుంది, దాన్ని పూర్తిగా తీసెయ్యాలి, లేకపోతే బూజు. రెండు రోజులు నానబెట్టండి, నీళ్ళు పూటకోసారి మార్చండి. తర్వాత కడిగిన కొబ్బరి పొట్టుని పిడికిట్లో పిండితే చుక్క రాలనంత తడిగా చేసి, జిప్ కవర్లో గింజలతో పాటు వేసి, 28 నుంచి 30 డిగ్రీల చోట ఉంచండి. విశాఖలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వంటింటి అటక చాలు, హీటరు అక్కర్లేదు. వారానికోసారి తెరిచి గాలి తగలనివ్వండి. నెలలు పడుతుంది, పారెయ్యకండి.

తాటి గింజలో తేగ ఎలా దిగుతుందో ఇక్కడా అంతే. ముందు గింజలోంచి ఒక గొట్టం కిందికి దిగుతుంది, మొలక దాని చివర నుంచి పైకి వస్తుంది. కాబట్టి గొట్టం 2 సెం.మీ. ఉండగానే కనీసం అడుగు లోతు కుండీలోకి మార్చండి. గొట్టం విరిగితే అంతే సంగతులు. గింజ అంటుకుని ఉందని తెంపకండి, మొదటి ఆకు విచ్చేదాకా తిండి అక్కడి నుంచే.

టీడీఎస్ మీటరు

ఎరువు ప్రశ్న మొదట్లో దాటేశాం. గొడుగాకు గారూ, కొత్త మిశ్రమంలో మొవ్వు గీత కదిలాకే ఎరువు మొదలుపెట్టండి. పదిహేను రోజులకోసారి పొటాషియం నైట్రేట్ 13-0-45, లీటరుకి అర గ్రాము. మధ్య వారంలో కాల్షియం నైట్రేట్ అర గ్రాము. నెలకోసారి ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) లీటరుకి 1 గ్రాము. కాల్షియం నైట్రేట్, ఎప్సం సాల్ట్ చిక్కగా ఒకే డబ్బాలో కలిపితే జిప్సం తెల్లగా అడుగున పేరుకుంటుంది, విడివిడిగానే వాడాలి. 19-19-19 వద్దు, తాటి జాతికి అంత భాస్వరం అక్కర్లేదు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అసలే వద్దు, క్లోరైడ్‌తో వేగుతున్న మొక్కకి మళ్ళీ క్లోరైడే పోసినట్టు.

గొడుగాకు

వేళ్ళు చూశాను, మూడొంతులు గోధుమ రంగు, నడుమ నాలుగు తెల్ల కొసలు. నీటిలో ముంచే పద్ధతిలో జూలై మొదటి వారం మార్చాను. పదకొండు వారాల లెక్క: కారే నీరు 420. పోసే నీరు వాననీరు, 35. మార్కర్ గీతలు 6 మి.మీ. విడిపోయాయి. మాడిన కొసలు అలాగే ఉన్నాయి, కత్తిరించాలా?

మొవ్వు చూడు

6 మి.మీ. అంటే వేళ్ళు పట్టాయి. పాత ఆకులు కత్తిరించకండి, పచ్చగా ఉన్న ప్రతి అంగుళం ఇప్పుడు కొత్త ఆకుకి తిండి పెడుతోంది. మరీ చూడలేకపోతే మాడిన చోట 2 మి.మీ. వదిలి కత్తిరించండి. పచ్చలోకి కోస్తే కోసిన అంచు మళ్ళీ మాడుతుంది.

ఇప్పుడే ఒక పని చేయండి: కుండీని బాల్కనీ గ్రిల్‌కి రెండడుగులు లోపలికి జరపండి. మొవ్వాకు విచ్చుకునే మూడు నాలుగు వారాలు ఆకు మెత్తగా ఉంటుంది, గ్రిల్‌కి ఒక్కసారి రాసుకున్నా ఆ గీత ఆకు రాలేదాకా ఉంటుంది.

గొడుగాకు

జరిపాను. నెట్ కూడా కట్టాను, తూర్పున మూడడుగుల దూరంలో.